మార్లిస్ అడిగిన బ్రెయిల్ యంత్రం

అమెరికాలో డులూత్ ఊరి పెద్దాసుపత్రిలో అపాయింట్‌మెంట్ల ఫోను ఎత్తేది మార్లిస్. పుట్టుకతోనే చూపు లేదు. ఒక చెవిలో రోగి మాట, రెండో చెవిలో కంప్యూటర్ చదివి వినిపించే మాట. ఆ రెండింటి మధ్యా ఎలాగో నెట్టుకొస్తోంది. కష్టంగా లేదా అని ఎవరైనా అడిగితే, "నాకేం కష్టం? నేనేమైనా డోరీన్‌నా?" అనేది.

డోరీన్ అంధుల బడిలో ఆమెతో చదువుకుంది. బ్రెయిల్ చదివే పోటీలో బహుమతి ఎప్పుడూ మార్లిస్‌దే. డోరీన్ వేళ్లు మాటమాటకీ ఆగి ఆయాసం తీర్చుకునేవి. అలాంటి డోరీన్‌కి, ఉద్యోగానికి పనికొస్తుందని, అంధుల పునరావాస కార్యాలయం బ్రెయిల్ యంత్రం కొనిపెట్టింది. కంప్యూటర్ తెరమీది వరుస చుక్కలై, గడికో అక్షరంగా, వేళ్ల కిందికి లేస్తుంది. ఆదివారం చర్చి భోజనాల దగ్గర డోరీన్ గడులన్నీ పైకి లెక్కపెడుతూ దాన్ని అందరిచేతా ముట్టించింది.

"నువ్వూ చూడవే మార్లిస్."

"చేతికి చీజ్ అంటింది," అంది మార్లిస్. ఇంకా వడ్డించుకోనేలేదు.

డోరీన్ కాఫీకి లేచాక ఒక్క వేలు ఆనించింది. చుక్కలు చురుగ్గా లేచాయి. ఇక అన్నం సహించలేదు.

ఆ వారంలోనే పునరావాస కార్యాలయంలో సలహాదారు ట్వెటెన్ ఎదుట కూర్చుంది.

"డోరీన్‌కి ఇచ్చారు. నాకెందుకివ్వరు? బళ్లో ఎప్పుడూ నా వెనకే!"

"ఆవిడ సంగతి నేను మాట్లాడకూడదమ్మా. ఉద్యోగానికి అవసరమైతేనే మేం కొనేది. మీకు ఏ ఇబ్బందీ లేదని పోయినసారి మీరే అన్నారు."

అన్న మాట నిజమే. మార్లిస్ చేతికర్ర మడిచింది, విప్పింది. ఇబ్బంది ఉందంటే డోరీన్ కన్నా తక్కువైపోయినట్టు. లేదంటే యంత్రం రాదు. ఉద్యోగమూ నిలవదు. పైఅధికారిణి ఇప్పటికే పిలిచి హెచ్చరించింది.

"ఒక ముసలాయన," అంది చివరికి, గొంతు తగ్గించి. "భార్య పోయిందని ఫోన్లో ఏడుస్తున్నాడు. రెండో చెవిలో కంప్యూటర్ తారీఖులు చదువుతోంది. ఆయన్ని వింటూ దాన్ని వదిలేశాను. తప్పు రోజు చెప్పాను. పాపం, అంత మంచులో బస్సెక్కి వచ్చి తిరిగిపోయాడు. అదొక్కటే కాదు, ఇంకా ఉన్నాయి. వేళ్లతో చదువుకోగలిగితే రెండు చెవులూ వాళ్లకే ఇస్తాను."

ట్వెటెన్ ఒక బ్రెయిల్ కాగితం ఆమె ముందుకు జరిపి చదవమన్నాడు. మార్లిస్ ఎక్కడా ఆగకుండా చదివేసింది.

"పేరు, తారీఖు, డాక్టరు మీకు ఒకే వరుసలో అందాలి. నలభై గడుల యంత్రం మంజూరు చేస్తున్నాను."

బయట, చూపులేనివాళ్లని ఇళ్లకి చేర్చే వ్యానులో డోరీన్ ఉంది. ఇద్దరిదీ ఒకే దారి.

"ఏమన్నాడే?"

"ఇస్తానన్నాడు. నలభై గడులది."

"నలభయ్యే?"

"ఆఁ. నీదెంత?" తెలిసే అడిగింది.

"ఇరవై." డోరీన్ గొంతు సవరించుకుంది. "నాకదే సుఖంలే. ఒళ్లో తేలిగ్గా ఉంటుంది."

"ఉంటుంది, ఉంటుంది," అంది మార్లిస్.

ముసలాయన సంగతి చెప్పలేదు. వ్యాను కొండ దిగి సరస్సు ఒడ్డుకి చేరేదాకా డోరీన్ తన సంచి జిప్పు లాగుతూ, మూస్తూ కూర్చుంది. ఆదివారం తర్వాత మార్లిస్‌కి మొదటిసారి కరకరా ఆకలేసింది.