క్రాడ్‌వెల్ డొంకదారి

భర్త పోయిన మరుసటేడు, అరవై దాటిన వయసులో, డోరీన్ కారు నడపడం నేర్చుకుంది. పరీక్ష రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ కారణం ఒకటే, వెనక్కి నడపడం చేతకాకపోవడం. మూడోసారి ఎలాగో గట్టెక్కింది.

ఈ వయసులో ఇంత పట్టుదల దేనికని ఇరుగుపొరుగు అడిగితే, "బజారుకి పోవద్దూ?" అనేది. అసలు సంగతి వేరు. కాపురానికి వచ్చింది మొదలు ప్రతి వేసవి సెలవులూ ఆమె భర్త రెగ్ తాతముత్తాతల ఊళ్ల వెంట తిరగడంతోనే సరిపోయాయి. గ్లాస్టర్‌షైర్‌లో ఏ చర్చి పెరట్లో ఏ ముత్తవ్వ పడుకుని ఉందో డోరీన్‌కు కంఠతా వచ్చు. తిరుగు ప్రయాణంలో, హెరిఫర్డ్ కొండల దగ్గర, ఒక డొంకదారి మొదట్లో 'క్రాడ్‌వెల్' అన్న పలక కనిపించేది. అది ఆమె తల్లి పుట్టిన ఊరు. అమ్మ నోట వినడమే తప్ప డోరీన్ కంటితో చూసింది లేదు. "ఆ ఇరుకులో దూరితే రంగంతా గీసుకుపోతుందే. వచ్చే ఏడు చూద్దాంలే," అనేవాడు రెగ్. చెడ్డవాడు కాదు, కారంటే ప్రాణం, అంతే. ఆ వచ్చే ఏడు మాత్రం రానేలేదు.

జూన్‌లో ఆడపడుచు ఐవీని పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరింది.

"మా వాళ్ల ఊళ్లకే పోదాం వదినా. అక్కడ రోడ్లన్నా వెడల్పు," అంది ఐవీ, ఒళ్లో టీ ఫ్లాస్కు పట్టుకుని.

"మీ వాళ్లనందరినీ చూశాను. వాళ్లెక్కడికీ లేచిపోరు. ఈసారి మావాళ్లు."

పలక దగ్గర కారు తిప్పింది. దారికి రెండు వైపులా మనిషెత్తు కంచెపొదలు, చక్రాల జాడల నడుమ పొడవునా గడ్డి మొలిచిన మిట్ట. ఒక వంపు తిరిగి ఇంకాస్త ముందుకు పోయారో లేదో, ఎండుగడ్డి బండిని లాక్కుంటూ ట్రాక్టరు ఎదురొచ్చి నిలబడింది. వెనక బండి తగిలించుకున్న ట్రాక్టరును వెనక్కి పొమ్మనడం ఆ తట్టున మర్యాద కాదు. కాస్త వెడల్పైన చోటు ఉన్నదల్లా డోరీన్ వెనకే, వంపు అవతలున్న పొలం గేటు దగ్గర.

ట్రాక్టరు రైతు దిగివచ్చి కిటికీలోకి వంగాడు. "కంగారుపడకండమ్మా. మీరు దిగండి, నేను వెనక్కి తీసిపెడతా. చిటికెలో పని."

"దిగు వదినా! దేవుడిలా వచ్చాడు మహానుభావుడు," అంది ఐవీ. "అదే చేత్తో పెద్దరోడ్డు దాకా తీసుకెళ్లి పెట్టమందాం. ఇంతదూరం వచ్చాం, ఊరు చూసినట్టే లెక్క."

డోరీన్ చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది. పెద్దరోడ్డు ఎక్కితే కారు ముక్కు ఇంటివైపే తిరుగుతుంది. మళ్లీ వచ్చే ఏడే. ఈసారి ఆ మాట అనేది తనే అవుతుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దు నాయనా. నా కారు నేనే తీసుకుంటా. నువ్వు కాస్త ఓపిక పట్టు."

"నాకేం తొందర లేదమ్మా. వాన రాకుండా గడ్డి కొట్టంలో పడితే చాలు," అని అతను ఆకాశం వంక చూశాడు.

కారు వెనక్కి కదిలింది, కదిలి నేరుగా పొదలోకి పోయింది. పక్క అద్దం ఫెటేలుమంది.

"పోయింది! అద్దం పోయింది!"

"అద్దమేగా పోయింది. అరవక, తల బయటపెట్టి నీ వైపు గట్టు చూసి చెప్పు."

"నేనా?"

"మరి, నీ నోటికి ఇంతకన్నా మంచి పని ఎక్కడ దొరుకుతుంది?"

ఐవీ తల బయటపెట్టింది. "ఇటు రా... ఇటు కాదు తల్లీ, అటు! ఆగాగు, గొర్రె!"

"ఎవర్నే?"

"నిన్ను కాదు, నిజం గొర్రే! గేటు పక్కనే నిలబడి చూస్తోంది."

జానెడు జానెడు చొప్పున, మెడ నరాలు లాగేస్తున్నా, డోరీన్ వంపు దాటించింది. గేటు ముందు చోటులో కారు వంకరగా ఒదిగింది. గొర్రె విసుక్కుని పక్కకు తప్పుకుంది. ట్రాక్టరు రాసుకుంటున్నట్టే పక్కనుంచి వెళ్తుంటే, రైతు స్టీరింగు మీంచి ఒక్క వేలు ఎత్తాడు. ఆ తట్టు మనుషుల దగ్గర అంతకు మించిన మెచ్చుకోలు ఉండదు.

"ఇక ఇంటికేగా?" అంది ఐవీ.

డోరీన్ గేరు వేసి ముందుకే పోనిచ్చింది.

క్రాడ్‌వెల్ అంటే గుప్పెడు ఇళ్లూ, పొట్టి చర్చీ. ఒకావిడ తీగమీద దుప్పట్లు ఆరేస్తోంది. "దారి తప్పారా అమ్మా?" అని కేకేసింది.

"తప్పలేదు. ఇక్కడికే వచ్చాను. మా అమ్మ ప్రాసర్ వాళ్ల పిల్ల."

"ప్రాసర్ వాళ్లు ఇప్పుడెవరూ లేరమ్మా. చర్చి వెనక ఆ పేరున్న రాళ్లు ఉన్నాయి గానీ, గడ్డి నడుముదాకా పెరిగింది, అంతా దురదగొండే. మీరు నడవలేరు."

"నడుస్తాను," అంది డోరీన్, కారు ఆపి.

ఐవీ నిట్టూర్చి, వంగి బూట్లు మార్చుకోవడం మొదలుపెట్టింది.