అందరూ ఉన్న శుక్రవారం

మొన్న డ్యూటీ మీద అల్ సువైక్ వెళ్తుంటే సార్ కూతురు ఫోన్ చేసింది. "నాన్నగారు పొద్దున్న పోయారండీ. నిద్రలోనే. ఆయన ఫోన్లో ఉన్న ఒమాన్ నంబర్లన్నిటికీ చేస్తున్నాను, మీరే మొదట ఎత్తారు" అంది. బండి రోడ్డు పక్కకి తీశాను. ఇంజను మాత్రం ఆపలేదు. ఈ ఎండలో ఏసీ లేకపోతే మనిషి ఏడవడానికి కూడా లేదు.

ఆయన పేరు రాయను. రాసినా మీలో ఎక్కువమందికి గుర్తురాదు. అద్దె లైబ్రరీలో డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని, లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివిన తరం మీదైతే, ఆయన పుస్తకం ఒక్కటైనా మీ చేతిలో పడే ఉంటుంది. సగం పుస్తకాల మీద పబ్లిషరు పెట్టిన పేరేదో ఉండేది. అట్ట మీద మాత్రం ఎప్పుడూ రివాల్వరు పట్టుకున్న అమ్మాయి. "నా నవలల్లో ఎక్కడా ఆ పిల్ల లేదయ్యా, నేనూ ఆమె కోసమే వెతుకుతున్నాను" అనేవారు.

నెలకి రెండు నవలలు రాసిన చెయ్యి అది. పుస్తకం ఆరు ఫారాలు, అంటే తొంభై ఆరు పేజీలు. అంతకి మించితే పబ్లిషరు ఒప్పుకోడు. చివరి ఫారంలోకి వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టాల్సిందే. కాగితం ధర పెరిగిన నెలల్లో హంతకుడు కాస్త తొందరగా నేరం ఒప్పుకునేవాడట. తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది. లైబ్రరీలు క్యాసెట్ షాపులయ్యాయి, పబ్లిషరు పరీక్షల గైడ్లు వేసుకోవడం మొదలుపెట్టాడు. బావమరిది వీసా చూసిపెడితే, యాభైకి దగ్గర పడుతున్న వయసులో ఈయన మా కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపరుగా వచ్చి చేరారు.

నేను డ్రైవరుగా వచ్చి రూవిలోని కంపెనీ రూమ్‌లో దిగేటప్పటికే ఆయన అక్కడ పాతకాపు. ఆయన కాక ఏడుగురం. పగలంతా ఆయన హెల్మెట్లూ మేకులూ ఇచ్చుకుంటూ, వచ్చిన సరుకు రాసుకుంటూ ఉండేవారు. మళ్ళీ రాయొచ్చు కదా సార్ అని ఒకసారి అడిగాను. "కలం పట్టుకుంటే సిమెంటు బస్తాలే వస్తున్నాయయ్యా. నోటితో అయితే ఇంకా ఒకటీ అరా హత్య చెయ్యగలను" అన్నారు. అలా మొదలైంది శుక్రవారం నవల.

శుక్రవారం సెలవు. బట్టలు ఉతికి ఆరేసి, బిర్యానీ గిన్నె ఖాళీ చేసి, మంచాల మీద ఎవరి చోట్లో వాళ్ళం సర్దుకునేవాళ్ళం. సార్ కింది మంచం మీద బాసింపట్టు వేసుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టేవారు. మా పక్కనే ఉన్న మత్రా రేవులో ఒక సాంబ్రాణి వ్యాపారి. సొంత దుకాణంలో, లోపల గడియ వేసి ఉండగానే చచ్చిపడి ఉంటాడు. తమ్ముడు, గుమాస్తా, మేడ మీద అద్దెకున్న డాక్టరు, కారు డ్రైవరు, అందరి మీదా అనుమానమే. డ్రైవర్ని ఎందుకు లాగారని నేను గొడవపడ్డాను. "కాసేపు నిన్ను అనుమానించుకోనీవయ్యా, నీ సొమ్మేం పోయింది" అన్నారు.

మా రూమ్‌లో లింగయ్యన్న అని షట్టరింగ్ కార్పెంటరు ఉండేవాడు. జగిత్యాల దగ్గరి మనిషి. కథ అతనికి ఎంత ఎక్కిందంటే, ఒక సాయంత్రం నాచేత మత్రాకి బండి కట్టించి, అక్కడి సూక్‌లో, అంటే బజారులో, ఒక సాంబ్రాణి దుకాణం ముందు నిలబడి లోపలున్న గుమాస్తాని నిలేసినట్టు చూశాడు. ఆ అమాయకుడు చివరికి భయపడి, "క్యా చాహియే భాయ్?" అన్నాడు. లింగయ్యన్న ఏమీ వద్దని తిరిగొస్తూ, "వీడే తమ్మీ. కండ్లల్ల కండ్లు వెట్టి సూస్తలేడు" అన్నాడు నాతో.

ప్రతి శుక్రవారం చివర్లో అతనిదొకటే గోల. "సారూ, ఇయ్యాలనన్న పేరు చెప్తరా చెప్పరా? గీ సస్పెన్సుతోని నాకు అన్నం తినబుద్ధయితలేదు."

"నాలుగు ప్లేట్లు లాగించావు లింగయ్యా" అనేవారు సార్. పేరు మాత్రం చెప్పేవారు కాదు.

ఎందుకు చెప్పరో ఒకసారి నాకు చెప్పారు. వయసులో ఉన్న రోజుల్లో ఏలూరు నుంచి పాసింజర్లో వస్తుంటే ఎదురు సీటు మనిషి ఈయన నవలే చదువుతున్నాడట. చివరికి వచ్చేశాడు. ఇంతలో విజయవాడ వచ్చింది. ఈయన దిగలేదు. హంతకుడి పేరు చదివినప్పుడు ఆ మనిషి మొహం ఎలా మారుతుందో చూద్దామని టిక్కెట్టు లేకుండా తెనాలి దాకా పోయారు. తీరా చూస్తే చివరి కాగితాలు ఎవరో చింపేశారు. ఆ మనిషి రాసినవాణ్ణీ చింపినవాణ్ణీ కలిపి తిట్టి, పుస్తకం మూసేశాడట. "చెబుదామనే అనుకున్నాను. నీకెలా తెలుసంటే? నేనే రాశానంటే నమ్మే మొహమా నాది?" అని నవ్వారు. తర్వాత నవ్వకుండా అన్నారు. "ఎన్ని రాశానో నాకే లెక్క లేదు. పేరు తెలిసిన క్షణంలో ఒక్క పాఠకుడి మొహం కూడా చూడలేదయ్యా. పోయేలోగా అదొక్కటి చూడాలి."

అందుకే షరతు పెట్టారు. ఏడుగురం ఎదురుగా ఉన్న శుక్రవారమే పేరు బయటపెడతారు. ఒక్కడు తక్కువున్నా పెట్టరు.

గల్ఫ్ రూముల సంగతి తెలియనివాళ్ళకి ఇదేం పెద్ద షరతు అనిపిస్తుంది. మా రూమ్‌లో ఎప్పుడూ ఎవడో ఒకడు ఉండేవాడు కాదు. ఒకడు లీవు మీద ఊరెళ్తే, వాడు వచ్చేలోపు ఇంకొకణ్ణి వేరే సైట్ క్యాంపుకి పంపేవారు. ఓవర్‌టైమ్ పడేది. ఆరు ఫారాల్లో ముగించడమే తప్ప సాగదీయడం ఎరగని ఆ మనిషి, వారం వారం ఓ కొత్త సాక్షిని తెచ్చేవారు. వ్యాపారికి జాంజిబార్‌లో ఇంకో భార్య ఉందని తేలింది. చచ్చినవాడు అసలు వ్యాపారేనా అనే దాకా వెళ్ళింది.

లీవు ముగించుకుని వచ్చేవాళ్ళని సీబ్ ఎయిర్‌పోర్ట్ నుంచి నేనే తెచ్చేవాణ్ణి. పెళ్ళాం పిల్లల్ని వదిలి వచ్చే ఆ మొదటి రోజు ఎంత పాడు రోజో అనుభవించినవాళ్ళకే తెలుసు. కళ్ళు వాచి ఉండేవి. బండెక్కి బెల్టు పెట్టుకుంటూ వాళ్ళు అడిగే మొదటి మాట, "నేను పోయినంక ఇంకెవరన్న సచ్చిండ్రా?" అని. వాళ్ళు విడిచి వెళ్ళిన చోటి నుంచి నేను కథ అందుకునేవాణ్ణి. రూవి వచ్చేసరికి మనిషి కాస్త మామూలయ్యేవాడు.

ఇంత డిటెక్టివ్ రచయితకీ ఇంట్లో దొంగ దొరికేవాడు కాదు. ఎవరో ఊరి నుంచి తెచ్చిన సకినాల డబ్బా ఒక్క పూటలో ఖాళీ అయింది. ఎవరి పనో మా అందరికీ తెలుసు. లింగయ్యన్న బనీను మీద నువ్వులు ఇంకా ఉన్నాయి. సార్ అందర్నీ వరసగా ప్రశ్నించి, ఆధారాలు లేవని కేసు మూసేశారు. మీకు నిజంగా కనబడలేదా అని తర్వాత అడిగితే, "ఒకే రూమ్‌లో ఉండేవాడు దొంగని పట్టకూడదయ్యా. రేపు వాడి పక్కనే పడుకోవాలి" అన్నారు. నేను రూమ్ మారిన ప్రతిసారీ ఆ మాట గుర్తొస్తుంది.

రెండేళ్ళ క్రితం గోను తుపానుకి రూవి వీధుల్లో కార్లు తేలాయి. కరెంటు లేదు, నీళ్ళు లేవు, డ్యూటీ లేదు. ఇద్దరు సువైక్ సైట్‌లో చిక్కుకుపోయారు. ఫోన్లు కలవలేదు.

"సారూ, ఇప్పుడన్న చెప్పుండ్రి. బతికుంటమో పోతమో" అన్నాడు లింగయ్యన్న.

"అందుకే చెప్పను. వాళ్ళిద్దరూ రావాలి" అన్నారు సార్. ఆ మాటతో మాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. వాళ్ళు బురద కాళ్ళతో మెట్లెక్కి వచ్చిన రోజు ఆయన లేచి ఇద్దర్నీ కావలించుకున్నారు. ఆ శుక్రవారం ఇంకొకడు ఆస్పత్రిలో ఉన్నాడు.

ఈ ఏడాది మొదట్లో సైట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సార్‌కి అరవై దాటింది, వీసా రెన్యువల్ చేయించేది లేదని కంపెనీ చెప్పేసింది. మంగళవారం ఆయన ఫ్లైటు. అంతకు ముందు శుక్రవారం రూమ్‌లో అందరం ఉన్నాం. పని లేక సువైక్ వాళ్ళు వచ్చేశారు, లీవులు ఎవరికీ లేవు. అన్నాళ్ళలో అదే మొదటిసారి.

సార్ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నారు. ఇన్‌స్పెక్టరు అందర్నీ దుకాణం వెనక గదిలో కూర్చోబెట్టాడు. తమ్ముడు, గుమాస్తా, డాక్టరు, డ్రైవరు, జాంజిబార్ భార్య. గడియ సంగతి తేలిపోయింది. ఇక పేరొక్కటే మిగిలింది. సార్ ఆగి మా మొహాలు ఒక్కొక్కటే చూడడం మొదలుపెట్టారు. అప్పుడు లింగయ్యన్న లేచాడు.

"నాకు కింద జర పనున్నది. మీరు కానియ్యుండ్రి."

"గిప్పుడేం పనే? పేరు పేరని పానం తోడితివి గదా!" అన్నారు సువైక్ నుంచి వచ్చినవాళ్ళు. అతను వినిపించుకోలేదు. చెప్పులేసుకుని మెట్లు దిగి పోయాడు.

సార్ లేచి కిటికీ దగ్గరకి వెళ్ళారు. అక్కడ చాలాసేపే ఉన్నారు. తిరిగి వచ్చి, "ఒకడు తక్కువున్నాడు. వచ్చే శుక్రవారం చూద్దాం" అన్నారు. మంగళవారం ఫ్లైటని తెలిసీ అందరం సరే అన్నాం.

లింగయ్యన్న కూడా ఇప్పుడు సొంత ఊరు వెళ్ళిపోయి అక్కడే ఉన్నాడు. రోడ్డు పక్క బండిలోంచే అతనికి ఫోన్ చేశాను.

"లింగయ్యన్నా, సార్ పోయారంట."

అతను ఒకటే అడిగాడు. "పేరు ఎవలకన్న చెప్పిండా? ఇంట్లోళ్ళకన్న?"

"లేదు. అడిగాను."

"కథ ముగిస్తె సారు ఇగ పోతడు, మనం గూడ చెదిరిపోతమనిపించింది తమ్మీ. ముగియ్యకున్నా పాయె." మళ్ళీ అతనే అన్నాడు. "మన మొకాలు సూడాల్నని ఎంత ఆశ ఉండె ఆయినకు! నేనే చెడగొట్టిన."

అప్పుడు అతనికి ఆ రోజు నేను చూసింది చెప్పాను. సార్ వెనకాలే నేనూ కిటికీ దగ్గరకి వెళ్ళాను. శుక్రవారం మధ్యాహ్నం, షాపులన్నీ మూసి ఉన్నాయి, వీధిలో మనిషి లేడు. ఎదుటి పేవ్‌మెంటు మీద, మూసిన షట్టరు ముందు, పని అని చెప్పి దిగిన లింగయ్యన్న చేతులు కట్టుకుని ఊరికే నిలబడి ఉన్నాడు. అంతలో తలెత్తి మా కిటికీ వైపు చూశాడు, పేరు చెప్పేశారేమో అన్నట్టు. సార్ కళ్ళజోడు తీశారు. చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. రెండు చేతులూ కిటికీ చువ్వల మీద ఆనించి, ఆ మొహాన్నే చూస్తూ నిలబడిపోయారు.