రెండు బడ్డీల బోర్డులు

కూడలిలో పత్రికలమ్మే బడ్డీలు రెండు, ఎదురెదురుగా. ఒకదాంట్లో ప్రభుత్వాన్ని మోసే పత్రిక, రెండోదాంట్లో కార్మిక సంఘం పత్రిక. రెండింటి ముందూ వేలాడే శీర్షికల బోర్డులు మాత్రం ఒకే చేతివి. పత్రికల ఆఫీసులు ఫోన్లో చెప్పింది చెప్పినట్టు రాయడమే బోర్డులాయన పని. ఒక బోర్డు మీది వీరుడు రెండో బోర్డు మీద దుండగుడు. మధ్యలో కుంచె కడుక్కుంటే సరిపోయేది. "మా బావ పొద్దున్నే రెండు నాలుకలూ గీసుకుని బయల్దేరతాడు" అని బావమరిది ఆటపట్టించేవాడు.

మిల్లు గేటు దగ్గర సమ్మెలో ఆ బావమరిదినే పోలీసులు కాల్చారు. తూటా గొంతులో దూరి మెడ చీల్చుకుపోయింది. ఆస్పత్రి నేల మీద నెత్తురు చెప్పులకంటుకుంది. తెల్లారి బోర్డులాయన పనికి బయల్దేరుతుంటే, శవం దగ్గర కూర్చున్న భార్య ఒక్కటే అడిగింది: ఎవరేం రాసుకున్నా, తమ్ముడి మీద చెడ్డమాట ఆయన చేత్తో రాయొద్దని. ఆయన తలూపాడు.

ఒక ఫోను "అల్లరిమూకపై కాల్పులు" అంది. రెండోది "కార్మికుల ఊచకోత" అంది. ఏళ్ల అలవాటు, రిసీవరు పెట్టేలోపే చెయ్యి రాసేసింది. కారుతున్న ఎర్రరంగులో ఆ చీలిన గొంతే కనబడి కళ్లు మసకబారాయి. ఏ బోర్డు ఏ బడ్డీకి కట్టాడో చూసుకోలేదు.

కార్మికులు శవాన్ని మోసుకుంటూ కూడలికొచ్చారు. తమ బడ్డీ మీదే "అల్లరిమూక". అక్కడే ఉన్న బోర్డులాయన మీద పడ్డారు; మొదటి దెబ్బకు దవడ పక్కకు జరిగింది. కిందపడ్డాక బూటుకాళ్లు డొక్కల్లో దిగాయి. ఎవడో ఆయన కుడిచేతిని అరుగు మీద పరిచి ఇటుకతో మోదాడు; వేళ్లు ఎండుపుల్లల్లా విరిగాయి. బోర్డులు తారుమారయ్యాయని బడ్డీవాడు అడ్డుపడి చెప్పేదాకా ఆగలేదు. అప్పుడు పొరపాటేనన్నారు, పాపం చచ్చినవాడి బావేనన్నారు, నీళ్లు పట్టారు. బడ్డీవాళ్లిద్దరూ గబగబా బోర్డులు మార్చుకున్నారు. అందరి కోపమూ దిగిపోయింది.

శవం వెంట వచ్చిన భార్య పక్కన కూర్చుని ఆయన నోటి నెత్తురు తుడిచింది.

"తప్పు బడ్డీకి కట్టారని కొట్టారు. సరిగ్గా కట్టుంటే ఎవరూ మిమ్మల్నేమీ అనేవాళ్లు కాదు కదండీ?"

ఆయన పాకి, లేచి, రోడ్డు దాటి, ఎదుటి బడ్డీ మీది "అల్లరిమూక" బోర్డు తాడును ఎడంచేతికి చుట్టుకుని లాగాడు. ఆ బడ్డీకి కాపలా ఉన్న పోలీసు లాఠీ భుజం మీద పడింది. మళ్లీ పడింది. ఆయన లాగుతూనే ఉన్నాడు.