నర్సత్తయ్య ఆడించే హత్య

సెలవు రోజు వచ్చిందంటే నర్సత్తయ్య ఇల్లు గూఢచారుల అడ్డా. కర్టెన్లు మూసి, మొగుడి పాత కోటు తొడుక్కుని, హత్య ఆట ఆడిస్తుంది. హంతకుడెవరో చీటీలు పంచిన ఆవిడకే తెలియాలి. శవం వేషం ఎప్పుడూ మామయ్యదే. సోఫాలో పడుకుని మధ్యమధ్య గురక కూడా పెడతాడు. అత్తయ్యకున్న జబ్బల్లా ఒకటే, హంతకుడి మీద జాలి ఆపుకోలేదు. బిక్కమొహం కనబడితే చాలు, ఆసుపత్రిలో నర్సుగా అబ్బిన అలవాటు కొద్దీ వెళ్లి వెన్ను నిమిరేస్తుంది. మొన్న కొత్తకోడలి వెన్ను నిమిరింది. అందరూ చూశారు, ఎప్పటిలాగే చూడనట్టు ఊరుకున్నారు. ఆడపడుచు తమ్ముణ్ని అనుమానించింది. తమ్ముడు పక్కింటాయన్ని నిలదీశాడు. చివరికి కోడలే లేచి, "నేనే చంపానత్తయ్యా" అంది.

"చూశారా, ఒక్కరంటే ఒక్కరు కనిపెట్టలేకపోయారు!" అంటూ అత్తయ్య చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది. కోడలు అయోమయంగా అందరి మొహాలూ చూసింది. సోఫాలోంచి శవం కన్నుకొట్టింది.