డ్రైవర్ మామ మోసిన పాపం

డోర్నకల్‌లో మా పక్కింట్లో ఉండే గూడ్సు రైలు డ్రైవర్ని నేను మామా అని పిలిచేదాన్ని. ఆయన మా అమ్మను అక్కా అనేవాడు మరి. వాళ్లు హిందువులు, మేము క్రైస్తవులం. పండుగ వచ్చిందంటే గిన్నెలు గోడ దాటి అటూ ఇటూ తిరిగేవి.

నేను డిగ్రీ చదువుతున్నప్పుడు, గార్ల దగ్గర ఒక ముసలి గొర్రెల కాపరి మామ బండి కింద పడి చనిపోయాడు. మంద పట్టాలు దాటాక, వెనకబడిన ఒక గొర్రె కోసం తిరిగి వచ్చాడట. మామ హారన్ కొట్టాడు, బ్రేకు వేశాడు. అంత బరువున్న బండి ఆగలేదు. డ్రైవర్ తప్పేమీ లేదని విచారణలో తేల్చారు. అయినా మామ సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయాడు. దేవుడి గూట్లో దీపం వెలిగించడం కూడా మానేశాడు. "నేను పాపిని, దేవుణ్ణి ముట్టొద్దు అంటున్నడు" అని అత్త మా అమ్మ దగ్గర ఏడ్చింది.

ఒక ఆదివారం మేము చర్చికి బయలుదేరుతుంటే మామ గేటు దగ్గరికి వచ్చాడు.

"అక్కా, మీ చర్చికి పాపులు రావచ్చంటరు గద. నేను రావచ్చా?"

"పాపులు గాకపోతే ఇంకెవరొస్తరు తమ్ముడు? నడువు" అంది అమ్మ.

చర్చిలో మామ మగవాళ్ల వైపు చివరి బెంచీలో కూర్చున్నాడు. అందరూ మోకరించి 'మేము పాపులము' అంటున్నప్పుడు ఆయన తలెత్తి చుట్టూ చూడడం నాకు కనిపించింది. రిటైరైన హెడ్మాస్టరు, బియ్యం కొట్టు ఆయన, దవాఖాన నర్సమ్మ అందరూ అదే మాట అంటున్నారు.

బయటికొచ్చాక, "గీళ్లందరు ఏం జేసిన్రు?" అని నన్ను అడిగాడు.

"గది దేవునికి చెప్పుకునుడు. నువ్వు చెప్పుకోవాల్సిన మనిషి గార్ల దిక్కు ఉన్నది" అంది అమ్మ.

ఆ వారంలోనే ముగ్గురం ఆటోలో వెళ్లాం. కాపరి భార్య వాకిట్లో పెసలు చెరుగుతోంది. మామ అరుగు మీద కూలబడి తానెవరో చెప్పాడు. చేట ఆగింది.

ఆమె చేట పక్కన పెట్టింది. "ఆఖరికి చూసినోడివి నువ్వే గద బిడ్డా. ఎట్లుండె ఆయన?"

"గొర్రెను అవతలికి నూకిండవ్వా. నా దిక్కు చూడనే లేదు."

"అయితే భయపడలె."

"లేదవ్వా."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గొర్రె బతికింది, ఆయనే పాయె. నువ్వేం జేస్తవ్? జర అంబలి తాగు."

మామ గిన్నె అందుకుని తాగాడు. సగం చొక్కా మీదే ఒలికింది. క్షమించానని ఆమె అనలేదు, క్షమించమని ఆయనా అడగలేదు. కాసేపు గొర్రెల గురించి, వానల గురించి మాట్లాడుకుని లేచి వచ్చాం.

తరువాతి ఆదివారం అమ్మ గోడ మీదుగా కేకేసింది. "వస్తవా తమ్ముడు?"

"గియ్యాల డ్యూటీ ఉందక్కా" అన్నాడు మామ, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ.