హాన్లే ఆకాశం ఎర్రబడిన రోజు

ఉదయం అయిదున్నరకు నిజామాబాద్ బస్టాండులో బస్సెక్కాం, నేనూ మా లక్ష్మక్కా. బోధన్ దగ్గర అక్కకు రెండెకరాల చెరుకుండేది. పోయినేడు కోతకు వారం ముందు అంటుకుని మొత్తం కాలిపోయింది. అప్పటినుంచి ఆమెకు కంటినిండా నిద్ర లేదు. నాదేమో ఫోటో స్టూడియో, పైగా ధ్రువకాంతుల పిచ్చి, రాత్రి ఆకాశంలో రంగులుగా వెలిగే అరోరాలన్నమాట. లడఖ్‌లో ఆకాశమంతా పచ్చటి వెలుగు చూపిస్తానని ఆమెను ఒప్పించాను.

హైదరాబాదు, ఢిల్లీ మీదుగా మర్నాడు పొద్దున ఏడింటికి లేహ్‌లో దిగాం. పలచటి గాలికి అలవాటు పడాలని రెండు రోజులు ఊరికే కూర్చోబెట్టారు. మూడోరోజు ఉదయం ఆరింటికి టాక్సీలో, రాత్రి ఆకాశానికి పేరుపొందిన హాన్లే అనే కొండ ఊరికి బయలుదేరాం. దారిలో డ్రైవర్ చెప్పాడు: "ఇంత దక్షిణాన పచ్చ రంగు కనబడదు సార్. ఆ వెలుగుకు పైఅంచున ఉండే ఎరుపు మాత్రమే." వెనక్కి తిరిగి చూశాను. అక్క వెనక సీట్లో కునుకు తీస్తోంది. లేచాక కూడా చెప్పలేదు, పిరికివాణ్ణి.

మూడింటికి చేరి ఒక ఇంట్లో గది తీసుకున్నాం. రాత్రి ఎనిమిదిన్నరకు, అన్నం తింటుండగా, ఉత్తరాన కొండల వెనక ఆకాశం ఎర్రబడింది. కెమెరా అక్కర్లేదు, కంటికే కనిపిస్తోంది. నేను ఆనందంతో కేక పెట్టాను.

అక్క వంటింట్లో బకెట్ అందుకుని బయటికి ఉరికింది.

"తమ్మీ, సెరుకు అంటుకున్నది! గాలి ఎటున్నది సూడు! మంట పాకకుండ ముందలి సాళ్లు నరకాలె!"

పద్నాలుగు వేల అడుగుల ఎత్తులో పరుగు! ఇరవై అడుగులకే కూలబడింది. ఊపిరందక పెదాలు నల్లబడ్డాయి. ఆ ఇంటావిడ ఆక్సిజన్ డబ్బా తెచ్చి ముక్కుకు పెట్టింది. నేను చంపుకునేవాణ్ణే మా అక్కను.

కాసేపటికి తేరుకుని గాలి వాసన చూసింది. "పొగ లేదేందిరా? ఎవల తోట గిది?"

"ఎవలదీ కాదక్కా. ఆకాశం."

"ఎవలదీ కాదా?" అంది మళ్లీ. బకెట్ బోర్లించి దానిమీదే కూర్చుని, ఆ ఎరుపు పోయేదాకా అరగంటసేపు ఏడుస్తూ చూసింది. నేనొక్క ఫోటో కూడా తీయలేదు.

వెళ్లేవాళ్లకు నా మాట ఒకటే. అక్కడ ఎప్పుడైనా కనిపించేది ఎరుపే. వెంట వచ్చేవాళ్లకు ముందే చెప్పండి.

తిరుగు ప్రయాణంలో, హైదరాబాదు నుంచి మధ్యాహ్నం రెండింటి బస్సులో, పక్క సీటు ముసలమ్మ అడిగింది: "గంత దూరం పోయి ఏం సూసిండ్రు బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపే అక్క అంది: "మంట సూసినం అవ్వా. ఎవలదీ కాలలె."