ఐదో నంబరు చొక్కా

పోయిన ఆదివారం సాయంత్రం నాలుగూ పదికి, సింగపూర్ యీషున్‌లో మా బ్లాకు కింద రాతిబల్ల మీద, స్కాట్లాండు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నా ముందు పుస్తకం పెట్టాడు. వాళ్ళ నాన్న ఫుట్‌బాల్ జీవితం గురించి తానే రాసి అచ్చు వేయించాడట. ఆ నాన్న ఒకప్పుడు ఓడల యార్డులో మా ఫోర్‌మన్, మా జట్టుకు కోచ్ కూడా.

నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఇంగ్లీషు మనవరాలి ఒకటో తరగతి పుస్తకాల్లో నేర్చుకున్నాను. నిదానంగా చదువుతాను, వదలకుండా చదువుతాను. పుస్తకం ప్రకారం ఫోర్‌మన్ బొగ్గుగనుల ఊళ్ళో పుట్టాడు, పదిహేడేళ్ళకే జీతానికి డిఫెండర్‌గా ఆడాడు, ముప్పై దాటాక మోకాలు పోయి సింగపూర్ వచ్చాడు. అంతవరకు నిజమే. చివరి పేజీలో ఓడల యార్డుల మధ్య జరిగిన పోటీ ఫైనల్ ఉంది. నలభై ఏళ్ళ వయసులో ఐదో నంబరు చొక్కాతో ఆటంతా ఆడి, ఆఖరి నిమిషంలో గోల్ గీత మీద బంతిని తలతో కొట్టి కప్పు నిలబెట్టాడట.

ఆ తల నాది.

ఆ రోజు ఆయన మోకాలు వాచి బెంచీ మీద కూర్చున్నాడు. ఆటగాళ్ళ జాబితా అప్పటికే ఇచ్చేశారు, అందులో నా పేరు లేదు. తన చొక్కా నాకిచ్చి ఆడమన్నాడు. యార్డు ఆటల్లో నంబరు చూసేవారు గానీ మొహం చూసేవారు కాదు. కంపెనీ పత్రిక గుమాస్తా మైదానానికే రాలేదు, జాబితా చూసి ఫోర్‌మన్ పేరే రాసేశాడు. ఆ కాగితం ఏడాదిపాటు క్యాంటీన్ గోడకుంది. రోజూ దాని కిందే టీ తాగాను. చదువొచ్చిన ఒక్కడూ నాకు చెప్పలేదు.

ఆ జట్టులో ఇప్పుడు మిగిలింది నేనూ, మలయ్ గోల్‌కీపరూ. ఆదివారం అతనూ బల్ల దగ్గరే ఉన్నాడు. బంతి కొట్టింది ఎవరని మలయ్ భాషలో అడిగాను.

"నువ్వే. పేపర్లో రాసింది అప్పుడే చదివాను. షిఫ్టులు వేసేది ఆయన కదా, ఏం చెప్పమంటావు?"

పక్కనే కూర్చున్న మనవరాలిని అది ఆ పెద్దమనిషికి ఇంగ్లీషులో చెప్పమన్నాను.

"వదిలెయ్ తాతా. అంకుల్ అంత దూరం నుంచి వచ్చారు కదా."

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

చెప్పింది. ఫోర్‌మన్ కొడుకు మొహం ఎర్రబడింది. ప్రతి క్రిస్మస్‌కీ నాన్న నుదురు తట్టుకుని ఆ బంతి కథ చెప్పేవాడని అన్నాడు. తర్వాత గోల్‌కీపర్ని అడిగాడు, నిజమేనా అని.

గోల్‌కీపరు చెప్పులకేసి చూశాడు. ఇంగ్లీషులో అన్నాడు: "చాలా కాలమైంది సర్. గుర్తులేదు."

ఫోర్‌మన్ కొడుకు పుస్తకం మూసేశాడు. ఫోటోకి రమ్మన్నాడు, నేను లేవలేదు. ఇక నా మాటకు సాక్షి లేడు గనక నేనే రాసి పెడుతున్నాను. ఆ ఆదివారం బల్ల దగ్గరున్నది ఫోర్‌మన్ కొడుకు, నా మనవరాలు, అబద్ధమాడిన గోల్‌కీపరు, నేను.